పటమట ఎండలో పదహారు మిల్లీసెకన్లు

రోహిణి కార్తెలో విజయవాడ ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికే రాలేదు. మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ గేటు దాకా బందరు రోడ్డు మీద నిలబడలేం. పటమటలో పై అంతస్తు గదుల్లో స్లాబు నుంచి దిగే వేడిని ఫ్యాను కిందికి తోస్తూ ఉంటుంది. పిల్లలకు సెలవులు ఉండేదీ అప్పుడే. ఇంటర్ పరీక్షలు అయిపోయిన కుర్రాడు ఆ గదిలో కూర్చుని కంప్యూటర్‌లో గేమ్ ఆడుతూ, దాన్ని రికార్డు చేసి, తెలుగులో మాటలు చెప్పి యూట్యూబులో పెడదామనుకుంటాడు. పావుగంట బాగానే నడుస్తుంది. తర్వాత బొమ్మ కుదుపులతో ఆగి ఆగి కదులుతుంది. "స్టక్ అవుతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలి" అంటాడు. ఇంట్లోవాళ్లు ధర కనుక్కోవడానికి బయల్దేరతారు.

కార్డు మార్చాలో అక్కర్లేదో ఊహించి తేల్చే విషయం కాదు, కొలిచి తేల్చాలి. లినక్స్ మీద ఆడేవాళ్లకు ఆ కొలిచే సాధనాలన్నీ ఉచితంగా ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో దాచకుండా చెప్పే వ్యవస్థ కూడా ఉంది. దీన్ని మనవాళ్లు తగినంతగా వాడుకోవడం లేదన్నదే నా బాధ.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లు మన ఇళ్లలో, షాపుల్లో బోలెడన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. అలాంటివాటిలో లినక్స్ వేసుకుంటున్నవాళ్లు పెరుగుతున్నారు. అదే అక్టోబరులో, కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ జరిపిన సర్వేలో లినక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది. వినడానికి చిన్న అంకె. పదేళ్ల కిందట అది ఒక శాతం చుట్టూ తిరుగుతుండేది.

ముందు ఫ్రేమ్ సంగతి చూద్దాం. తెర మీద కదిలేది వరసగా మారే నిశ్చల చిత్రాలే అని అందరికీ తెలుసు. సెకనుకు 60 చిత్రాలు రావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. ఆ లోపు ప్రాసెసర్ ఆటలోని మనుషులు, బళ్లు, తూటాలు ఎక్కడున్నాయో లెక్కగట్టి గ్రాఫిక్స్ చిప్‌కి పని పురమాయించాలి. 1920 x 1080 తెర అయితే ఆ చిప్ దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలకు రంగు వేయాలి. తెర 144 హెర్ట్‌జ్‌ది అయితే గడువు 6.94 మిల్లీసెకన్లకు కుంచించుకుపోతుంది.

కుర్రాళ్లు సాధారణంగా చూసేది సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పే ఎఫ్‌పీఎస్ అంకె ఒక్కటే. అది సగటు. సగటు మోసం చేస్తుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు తలా 15 మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్క ఫ్రేమ్ మాత్రం 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. మొత్తం సరిగ్గా వెయ్యి మిల్లీసెకన్లు, అంటే 60 ఎఫ్‌పీఎస్. అంకెలో ఏ లోపమూ లేదు, కానీ ఆడేవాడి కంటికి ఆ ఒక్క కుదుపే కనిపిస్తుంది. పటమట నుంచి బస్టాండుకి గంటకు పన్నెండు సిటీ బస్సులున్నాయనుకోండి. సగటున అయిదు నిమిషాలకొకటి. వాటిలో పదకొండు మొదటి ఇరవై నిమిషాల్లో ఒకదాని వెనుక ఒకటి వెళ్లిపోతే, స్టాపులో మిగిలినవాడికి ఆ సగటుతో పనేముంది? అతను నిలబడేది నలభై నిమిషాలు. అందుకే చూడాల్సింది ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పట్టిన సమయం. దాన్ని ఫ్రేమ్ టైమ్ అంటారు. దానితోపాటు '1 శాతం లో' అనే అంకె కూడా చూడాలి. మొత్తం ఫ్రేముల్లో బాగా ఆలస్యమైన ఒక శాతం ఎంత వేగంతో వచ్చాయో అది చెబుతుంది. సగటు 60, '1 శాతం లో' 55 ఉంటే ఆట పట్టులా నడుస్తుంది. సగటు 90 ఉండి '1 శాతం లో' 22 ఉంటే తలనొప్పి ఖాయం. రెండింట్లో మొదటి కంప్యూటరే మంచిదని నేనంటాను.

ఈ అంకెలు చూపించడానికి లినక్స్‌లో ఎక్కువమంది వాడేది మ్యాంగోహడ్ అనే చిన్న ప్రోగ్రామ్. ఎంఐటీ లైసెన్సు కింద సోర్సు మొత్తం తెరిచి ఉంచారు. అది ఆట కోడ్‌ని ముట్టుకోకుండానే ఆటలోని ప్రతి ఫ్రేమ్‌నీ ఎలా లెక్కపెట్టగలుగుతుందన్నది తెలుసుకోదగ్గ విషయం.

విండోస్ కోసం రాసిన ఆట లినక్స్‌లో నడవాలంటే మధ్యలో అనువాదం జరగాలి. విండోస్ అడిగే పనులను లినక్స్ పనులుగా మార్చే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. చాలాకాలం ఆఫీసు ప్రోగ్రాములు నడిచాయిగానీ పెద్ద ఆటలు నడవడం కష్టమయ్యేది. వాటి బొమ్మలు గీసే భాష, అంటే మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్3డీ, అందుకు అడ్డం. 2016 ఫిబ్రవరిలో ఖ్రోనోస్ కూటమి వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ ప్రమాణాన్ని విడుదల చేసింది. డైరెక్ట్3డీ ఆజ్ఞలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అనే ప్రోగ్రామ్‌ను ఫిలిప్ రెబోలె అనే జర్మన్ యువకుడు రాశాడు. నియర్ ఆటోమేటా అనే ఒక్క ఆటను లినక్స్‌లో ఆడుకోవాలన్న కోరిక ఆ పనికి మొదలు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ ఆ పనికి అండగా నిలిచి, వైన్‌నీ డీఎక్స్‌వీకేనీ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లో పెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రంలో విండోస్ ఆటలు నడిచేది దీని మీదే.

వల్కన్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. ఆటకూ డ్రైవర్‌కూ మధ్య 'లేయర్' పేరుతో మూడో ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా కూర్చోబెట్టవచ్చు. ఆట ఒక ఫ్రేమ్ గీయడం ముగించి "ఇక తెర మీద చూపించు" అని ఆజ్ఞ ఇస్తుంది. అది మ్యాంగోహడ్ మీదుగా వెళుతుంది. మ్యాంగోహడ్ గడియారం చూసి, క్రితం ఆజ్ఞకూ దీనికీ మధ్య ఎంత సమయమో రాసుకుని, మూలన తన అంకెల పట్టీ గీసి, ఆజ్ఞను ముందుకు పంపిస్తుంది. ఫ్రేమ్ టైమ్ అంటే ఆ తేడాయే. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లో ఉండే లాంచ్ ఆప్షన్స్‌లో దాని పేరు చేర్చితే పని మొదలుపెడుతుంది. కుడివైపు షిఫ్ట్‌తో ఎఫ్12 నొక్కితే పట్టీ కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే మాయమవుతుంది. ఎడమ షిఫ్ట్‌తో ఎఫ్2 నొక్కితే అంకెలన్నీ ఫైల్లోకి చేరడం మొదలవుతుంది. ఏ ఫోల్డర్‌లో చేరాలో ముందే సెట్టింగుల ఫైల్లో చెప్పి ఉంచాలి. ఆ ఫైలుని లిబ్రేఆఫీస్‌లో తెరిచి గ్రాఫు గీసుకోవచ్చు. నా దృష్టిలో మ్యాంగోహడ్‌లో అసలు విలువైనది ఈ లాగ్ ఫైలే. ఆడుతున్నప్పుడు మూలన అంకెలు చూస్తూ కూర్చుంటే ఆట మీద మనసు నిలవదు, అంకెలూ గుర్తుండవు.

మిగతా అంకెలు, అంటే ఉష్ణోగ్రత, వేగం, వాట్లు ఎక్కడి నుంచి వస్తాయో చూస్తే లినక్స్ స్వభావం తెలుస్తుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ తనకు తెలిసినదంతా మామూలు ఫైళ్ల రూపంలో బయటపెడుతుంది. 'ప్రాక్' అనే డైరెక్టరీలో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ లెక్కా ఉంటుంది. 'సిస్' అనే దాంట్లో హార్డ్‌వేర్ లెక్కలు ఉంటాయి. ఒక ఉష్ణోగ్రత ఫైలు తెరిస్తే అందులో 85000 అని ఒక్క అంకె కనిపిస్తుంది. డిగ్రీలో వెయ్యోవంతుల లెక్క అది, అంటే 85 డిగ్రీల సెల్సియస్. ఏఎండీ కార్డయితే ఆ చిప్ ఎంత శాతం పనిలో ఉందో చెప్పే ఫైలు విడిగా ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంకో విలువైన ఫైలుంది: వేడి తట్టుకోలేక ఒక కోర్ తన వేగాన్ని ఎన్నిసార్లు తగ్గించుకుందో అందులో ఉంటుంది. ఆట మొదట్లో ఆ అంకె చూసి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. పెరిగితే జబ్బు ఏమిటో దొరికినట్టే. దీనికి ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ, ఏ లాగిన్ ఖాతా అక్కర్లేదు. ఎన్‌విడియా కార్డుల దగ్గర కొంత తేడా. ఆ అంకెలను ఆ సంస్థ సొంత లైబ్రరీని అడిగి తెచ్చుకోవాలి. 2022 మేలో తమ కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టినా, డ్రైవర్‌లో మిగతా పెద్ద భాగం మూసే ఉంది.

ఇక రికార్డింగ్. ఇక్కడ లెక్క వేయకపోతే దాని బరువు అర్థం కాదు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న ఫ్రేమ్ మెమరీలో చుక్కకు నాలుగు బైట్ల లెక్కన ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 498 మెగాబైట్లు, అంటే నిమిషానికి దగ్గరదగ్గర 30 గిగాబైట్లు. దీన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటే పెద్ద డిస్కులు కూడా గంటలో నిండిపోతాయి. కాబట్టి అప్పటికప్పుడు కుదించాలి. హెచ్.264 పద్ధతిలో సెకనుకు 20 మెగాబిట్లకు కుదిస్తే అది 2.5 మెగాబైట్లవుతుంది, గంటకు 9 గిగాబైట్లు. 498 నుంచి 2.5కి! క్రితం ఫ్రేమ్‌లో ఉన్నదే మళ్లీ ఉంటే దాన్ని తిరిగి రాయకుండా, ఏది ఎటు జరిగిందో మాత్రమే రాసుకోవడం, కన్ను పట్టించుకోని రంగు వివరాలను వదిలేయడం అందులో ఉన్న కిటుకులు.

ఈ కుదింపు పని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. ప్రాసెసర్‌తో చేయిస్తే ప్రతి ఫ్రేమ్‌నీ గ్రాఫిక్స్ కార్డు మెమరీలోంచి బయటికి లాగి, రంగుల పద్ధతి మార్చి, లెక్కలు కట్టాలి. ఆట లెక్కలు కూడా అదే ప్రాసెసర్ చేయాలి. రెండు పనులూ ఒకే 16 మిల్లీసెకన్ల కోసం పోటీపడతాయి. అందుకే ఇప్పటి గ్రాఫిక్స్ చిప్పుల్లో కుదింపుకే ప్రత్యేకమైన భాగాన్ని చెక్కి పెట్టారు. ఎన్‌విడియాలో ఎన్‌వీఈఎన్‌సీ అనే ఆ భాగం 2012 నాటి కెప్లర్ కార్డుల నుంచే ఉంది. ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లో ఆ భాగాన్ని లినక్స్ వీఏ-ఏపీఐ ద్వారా వాడుకుంటుంది. ఫ్రేమ్ కార్డులోనే కుదించబడి, బయటికి వచ్చేది ఆ 2.5 మెగాబైట్ల సన్నటి ధారే. చాలామంది ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి, అందులో ఎన్‌కోడర్ ఏదో చూసుకోకుండా ప్రాసెసర్ మీద పనిచేసే ఎక్స్264నే ఉంచేసి, "లినక్స్‌లో రికార్డింగ్ బరువు" అంటారు. ఆ ఒక్క సెట్టింగ్ మార్చి చూడండి. ఫెడోరా అనే లినక్స్ పంపిణీ వాడేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. పేటెంట్ల భయంతో 2022లో ఆ పంపిణీ వాళ్లు మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లలోంచి హెచ్.264 హార్డ్‌వేర్ కుదింపును తీసేశారు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భాండాగారం నుంచి వేరే ప్యాకేజీ తెచ్చుకుంటేగానీ ఆ మెనూలో అది కనిపించదు. కొత్తవాళ్లను తిప్పలు పెట్టే మెలిక ఇది.

తెరను పట్టుకునే పద్ధతి కూడా ఈమధ్యే మారింది. 1987 నాటి ఎక్స్11 పద్ధతిలో ఏ ప్రోగ్రామైనా తెర మొత్తాన్నీ, మీరు నొక్కే ప్రతి మీటనూ చూడగలదు. రికార్డింగ్ సులువేగానీ బ్యాంకు పాస్‌వర్డ్ దొంగిలించడమూ అంతే సులువు. క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో మొదలుపెట్టిన వేలాండ్ ఆ తలుపు మూసేసింది. దాంతో కొన్నేళ్లపాటు లినక్స్‌లో తెర రికార్డింగ్ చిక్కుల్లో పడింది. రెడ్‌హ్యాట్‌లో విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఆ చిక్కు విప్పింది. ఇప్పుడు ఓబీఎస్ తెర కావాలని అడిగితే, ఏ కిటికీ చూపించాలో మిమ్మల్ని అడిగే పెట్టె వస్తుంది. మీరు ఒప్పుకున్నాకే బొమ్మ పైప్‌వైర్ గుండా వెళుతుంది, అదీ కాపీ చేయకుండా, కార్డు మెమరీలో అది ఎక్కడుందో చిరునామా మాత్రమే అందించి. 2021 జూన్‌లో వచ్చిన ఓబీఎస్ 27 నుంచి ఇది పనిచేస్తోంది. ఆలస్యమైనా సరైన దారిలో వచ్చిన పరిష్కారమని నాకనిపిస్తుంది.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. వేసవి సాయంత్రం గాలిదుమారం లేస్తే పటమటలో కరెంటు పోతుంది. యూపీఎస్ లేని ఇంట్లో గంట సేపటి రికార్డింగ్ ఒక్క క్షణంలో పోయిందని బాధపడేవాళ్లుంటారు. మామూలు ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టికను రికార్డింగ్ ముగిసేటప్పుడు చివర్లో రాస్తారు. ముగింపు జరక్కపోతే పట్టిక ఉండదు, ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ పద్ధతిలో వివరాలు ఎప్పటికప్పుడు ముక్కముక్కగా పడతాయి. కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది దాదాపు అంతా మిగులుతుంది. ఓబీఎస్‌లో ఎంకేవీ ఎంచుకుని, ఎడిటింగ్‌కి ముందు అందులోనే ఎంపీ4గా మార్చుకోండి. నాణ్యత ఏమాత్రం తగ్గదు. 2024లో వచ్చిన 30.2 వెర్షన్‌లో హైబ్రిడ్ ఎంపీ4 అనే కొత్త పద్ధతి కూడా చేర్చారు. దానికీ ఇదే బలం ఉంది.

అన్ని ఆటలూ ఇక్కడ నడవవు. వాలరెంట్ లినక్స్‌లో లేదు. అది విండోస్ కెర్నెల్ లోతుల్లో కూర్చునే కాపలా ప్రోగ్రామ్‌ను కోరుకుంటుంది. 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ అనే మరో కాపలా ప్రోగ్రామ్ చేర్చినప్పటి నుంచి జీటీఏ ఆన్‌లైన్ లినక్స్ వాళ్లకు దూరమైంది. ఆ ఏడాది అక్టోబరు చివర్లో ఎపెక్స్ లెజెండ్స్ కూడా తలుపు మూసింది. ఇవే ప్రాణమనుకునేవాళ్లు మారకపోవడమే మేలు. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 ఆడేవాళ్లకు, ఒంటరిగా కథల ఆటలు ఆడుకునేవాళ్లకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. పావుగంట బాగా నడిచి తర్వాత ఎందుకు కుదుపు మొదలైంది? చిప్‌ని చల్లబరిచే సామర్థ్యాన్ని వాట్‌కు ఎన్ని డిగ్రీలన్న లెక్కలో చెబుతారు. 65 వాట్ల ప్రాసెసర్‌కి వాట్‌కు 0.7 డిగ్రీల కూలర్ ఉందనుకుందాం. గది ఉష్ణోగ్రత మీద 45.5 డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో అది దాదాపు 70. పటమట మేడ మీద 38 డిగ్రీల గదిలో 83.5. ఇంకా గండం లేదు. కానీ బందరు రోడ్డు దుమ్ము రెండేళ్లుగా కూలర్ రెక్కల మధ్య పేరుకుని 0.7 కాస్తా 0.9 అయిందనుకోండి. 38కి 58.5 కలిపితే 96.5 డిగ్రీలు. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆ తగ్గింపు వెంటనే రాదు. లోహపు రెక్కలు పూర్తిగా వేడెక్కడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. అంతవరకూ ఆట బాగుండటానికి కారణం అదే. అసలు జబ్బు దుమ్మయితే కొత్త కార్డు ఎలా నయం చేస్తుంది? అదే డబ్బాలోకి మరింత వేడి తెచ్చి పోస్తుంది.

తేమ మాటా చెప్పాలి. కృష్ణ ఒడ్డున ఉక్కపోత మనల్ని చంపుతుంది, ఎందుకంటే మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. చిప్‌కి చెమట లేదు. దానికి కావాల్సింది గాలి ఉష్ణోగ్రత మాత్రమే. మనం అల్లాడిపోయే 31 డిగ్రీల ఉక్క రాత్రి కంప్యూటర్‌కి హాయిగా ఉంటుంది. రికార్డింగులు రాత్రి పదింటి తర్వాత పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది.

వేడిని తగ్గించే మరో దారి ఫ్రేములకు కళ్లెం వేయడం. చిప్ కాల్చే కరెంటు దాని వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం పది శాతం తగ్గితే వోల్టేజీ కూడా పది శాతం తగ్గించుకునే వీలు దొరికినప్పుడు, 0.9ని మూడుసార్లు గుణిస్తే 0.729. అంటే పదో వంతు వేగం వదులుకుంటే నాలుగో వంతుకు పైగా వేడి పోతుంది. మీ తెర 60 హెర్ట్‌జ్‌దే అయితే సెకనుకు 110 ఫ్రేములు గీయించి ఏం లాభం? మ్యాంగోహడ్ సెట్టింగుల్లోనే ఎఫ్‌పీఎస్ పరిమితి ఉంది. 60 అని పెట్టండి. చిప్ తన పని ముగించి ప్రతి ఫ్రేమ్‌లోనూ కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది, రికార్డింగ్‌కీ చోటు దొరుకుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా యూట్యూబు వీడియోల్లో తరచు వినిపిస్తుంది: గేమ్‌మోడ్ వేసుకోండి, ప్రాసెసర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి అని. ఫెరల్ ఇంటరాక్టివ్ 2018లో విడుదల చేసిన గేమ్‌మోడ్ మంచి సాధనమే. ఆట నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ వేగాన్ని పైన నిలబెడుతుంది. కానీ చాలా ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఒకే రాగి గొట్టాన్ని పంచుకుంటాయి. ప్రాసెసర్ అనవసరంగా కాలుస్తున్న ప్రతి వాటూ గ్రాఫిక్స్ చిప్ వాటాలోంచి పోతుంది. ఒకే చిప్పులో గ్రాఫిక్స్ కూడా ఉన్న యంత్రాల్లో దీనివల్ల నష్టం జరుగుతోందని గుర్తించి, తర్వాతి వెర్షన్లలో గేమ్‌మోడ్ రాసినవాళ్లే దానికి విడి సెట్టింగ్ చేర్చారు. మే నెలలో మన ఊళ్లో ల్యాప్‌టాపుకి పెర్ఫార్మెన్స్ సెట్టింగ్ వద్దనే నా తీర్పు. డిసెంబరులో వాడుకోండి. ఇంటెల్ యంత్రాల్లో వేడిని ముందుగానే పసిగట్టి మెల్లగా వేగం సర్దే థర్మల్డ్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్ని రాసిన శ్రీనివాస్ పండ్రువాడ పేరే లినక్స్ కెర్నెల్ నిర్వాహకుల జాబితాలో ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ ఎదురుగా కనిపిస్తుంది. మీ ప్రాసెసర్ ఏ క్షణాన ఎంత వేగంతో పోవాలో నిర్ణయించే కోడ్ అది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆటలో ఒకే చోట, ఒకే దారిలో నడవాలి. మొదటిసారి నడిచినప్పటి అంకెలు పారేయాలి. కొత్త దృశ్యం రాగానే దాని షేడర్లను, అంటే రంగులు వేసే చిన్న చిన్న ప్రోగ్రాములను, డ్రైవర్ అప్పటికప్పుడు కంపైల్ చేస్తుంది. ఆ కుదుపులు మళ్లీ రావు. 2022 నవంబరులో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 వీటిని చాలావరకు తగ్గించింది, అయినా పూర్తిగా పోలేదు. తర్వాత రికార్డింగ్ లేకుండా ఒకసారి, రికార్డింగ్‌తో ఒకసారి నడవండి. ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి. లాగ్ ఫైళ్లను పక్కపక్కన పెడితే దోషి దొరుకుతాడు. రికార్డింగ్ లేనప్పుడు బాగుండి, ఉన్నప్పుడు మొదటి నిమిషం నుంచే కుదుపు ఉంటే ఎన్‌కోడర్ చూసుకోవాలి. మొదట బాగుండి పావుగంటకు చెడితే వేడి. గ్రాఫిక్స్ చిప్ మొదటి నుంచీ 99 శాతం పనిలో ఉండి, ఉష్ణోగ్రత హద్దులో ఉండి, అయినా ఫ్రేములు చాలకపోతే అప్పుడు కొత్త కార్డు మాట నిజం.

ఇన్ని చెప్పాక, మన భాషకు సంబంధించిన లోటు ఒకటి చెప్పకుండా ఉండలేను. మ్యాంగోహడ్ పట్టీలో మీకిష్టమైన మాటలు రాసుకునే వీలుంది. అక్కడ తెలుగు రాస్తే రాదు. అక్షరాల జాబితాలో కొరియన్, చైనీస్, జపనీస్, థాయ్, వియత్నామీస్ ఉన్నాయి, తెలుగు లేదు. ఫాంటు చేర్చినంత మాత్రాన తీరే సమస్య కూడా కాదు. ఆ పట్టీని గీసేది డియర్ ఇమ్‌గుయ్ అనే లైబ్రరీ. అది అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే చేస్తుంది. తెలుగులో 'ఉష్ణం' రాయాలంటే ష కింద ణ ఒత్తు చేరాలి, గుణింతాలు హల్లుకి అతుక్కోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీ చేస్తుంది. ఇక్కడ దాన్ని జోడించలేదు. లినక్స్ ఓబీఎస్‌లో మామూలు టెక్స్ట్ సోర్సుకీ ఇదే లోపం. అందులో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఈ లోపం తీరేదాకా ఒక ఉపాయం ఉంది. ఓబీఎస్‌లో బ్రౌజర్ సోర్సు పెట్టి, చిన్న వెబ్ పేజీలో మీ తెలుగు శీర్షిక రాసి చూపిస్తే, లోపల ఉన్నది క్రోమియం కాబట్టి ఒత్తులన్నీ సరిగ్గా పడతాయి.

తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి శ్రమించింది. మెనూలు, ఫాంట్లు, కీబోర్డులు ఇవాళ లినక్స్‌లో తెలుగులో ఉన్నాయంటే స్వచ్ఛందంగా కూర్చుని అనువదించినవాళ్ల పుణ్యమే. ఆటల వైపు ఆ పని ఇంకా అంతగా జరగలేదు. పటమటకు కూతవేటు దూరంలో కానూరులో 1977 నుంచి వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. నది దాటితే వడ్డేశ్వరంలో ఓ పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. ఏటా వేలమంది కంప్యూటర్ సైన్సు పిల్లలు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం విషయం వెతుక్కుంటూ ఉంటారు. మ్యాంగోహడ్ సీ++లో ఉంది, హార్ఫ్‌బజ్ సీ++లో ఉంది, రెండింటి సోర్సూ ఎవరైనా దించుకోవచ్చు. ఈ రెండింటినీ కలిపి ఆ పట్టీలో తెలుగు సరిగ్గా కనిపించేలా చేసి పంపండి. ఆ మార్పు కన్నడానికీ, మలయాళానికీ, హిందీకీ కూడా అక్కరకొస్తుంది.